చింతపండు కొట్టు మీది గుంజ

గోవిందప్ప పోయిన ఏడాదే హిందూపురంలోని ఆ ఇల్లు రెండు వాటాలయింది. కింది భాగం తమ్ముడు హనుమంతరాయుడికి, పై అంతస్తు గోవిందప్ప భార్య గంగులమ్మకు అని పెద్దమనుషులు తేల్చారు. మధ్యలో గోడ పెట్టి పంచుకున్న ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి గానీ, ఇలా ఒకరి నెత్తి మీద ఒకరు కాపురముండేట్టు పంచుకున్నది ఇదొక్కటే. హనుమంతరాయుడిది చింతపండు వ్యాపారం. బస్తాలు మోసుకుని పైకెక్కలేరు కాబట్టి కింది ఇల్లే తనకు కావాలని పట్టుబట్టాడు. గంగులమ్మకు పిల్లల్లేరు. పై ఇల్లు తన మొగుడు కట్టించింది కాబట్టి అదే చాలంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు గోవిందప్ప ఆ పై అంతస్తు లేపాడు. బండలు పరిస్తే కింది మట్టిగోడలు బరువు ఓర్చవని మేస్త్రీ అన్నాడు. దాంతో షిమోగా నుంచి టేకు పలకలు తెప్పించి అడ్డంగా వేసిన కొయ్య దంతెల మీద పరిపించాడు. చిత్రిక పట్టించి, నూనె తాగించి, మైనం రుద్దించాడు. చెప్పులు విప్పకుండా ఎవరైనా ఆ నేల మీద అడుగు పెడితే ఒప్పుకునేవాడు కాదు. ఆయన పోయాక గంగులమ్మ రోజూ పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని ఆ పలకలను తడిగుడ్డతో తుడిచేది.

పంపకాలు ముగిశాక ఆమె పుట్టిల్లు మడకశిరకు పోయి నాలుగు రోజులుండి వచ్చింది. వచ్చేసరికి కింద నడవ మధ్యలో ఉండాల్సిన పాత మెట్లు లేవు. హనుమంతరాయుడు వాటిని ఊడబీకించి కట్టెల కింద కొట్టించాడు.

"నా నడవలో నువ్వు పైకీ కిందికీ తిరుగుతాంటే నేను బ్యారం యాడ చేసుకునేది వదినా?" అన్నాడు.

"మరి నేను యాట్ల ఎక్కేది? ఎగిరిపోవల్లనా?"

"అది పెద్దమనుషులను అడుగు. నన్నడగద్దు."

ఆమె వెనక పెరట్లో వెదురు నిచ్చెన వేయించుకుంది. యాభై ఏళ్ల మనిషి ఒక చేత్తో చీర కుచ్చెళ్లు, ఇంకో చేత్తో బిందె పట్టుకుని ఆ నిచ్చెన ఎక్కుతుంటే పక్కిళ్లవాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఆ నిచ్చెన రోజుల్లోనే హనుమంతరాయుడి భార్య శ్యామలమ్మకు నెలలు నిండకముందే కాన్పయి, బిడ్డ దక్కలేదు. తోడికోడలై ఉండి గంగులమ్మ పలకరించడానికి కూడా రాలేదని శ్యామలమ్మ మనసులో గట్టిగా పడిపోయింది. అప్పటినుంచి పెరట్లో ఇద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు.

చివరికి పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. వాళ్లలో పెద్ద చంద్రప్ప. వెనక వసారా కప్పులో చోటు కోసి గంగులమ్మ మెట్లు కట్టించుకోవచ్చన్నాడు. హనుమంతరాయుడు సరేనని ఒక షరతు పెట్టాడు. "వసారాలో ఏమన్నా చేసుకోనీ. వసారా గోడ దాటి నా గదుల్లోకి ఒక్క మేకు గూడా దిగకూడదు. ఒక్క మనిషి గూడా రాకూడదు." అదేమంత పెద్ద సంగతని అందరూ తలలూపారు.

పెనుకొండ నుంచి వడ్రంగి ఖాజాసాబ్ వచ్చాడు. పనిమంతుడే గానీ ముక్కు మీద కోపం. మెట్లు బాగా కుదిరాయి. అడుగున నిలబెట్టిన గుంజకు బండ తొలిచి సీసం పోసి బిగించాడు. అది కదల్లేదు. చిక్కంతా పై గుంజతో వచ్చింది. మెట్లెక్కి పైకి చేరేచోట, చేపట్టు కొయ్య వచ్చి ఆనుకునే గుంజ అది. నిలబడాల్సింది గోవిందప్ప పలకల మీద. ఆ పలకల కింద ఉన్నది వసారా కాదు, గోడకు అవతలున్న హనుమంతరాయుడి చింతపండు కొట్టు.

ఖాజాసాబ్ నేల మీద బోర్లా పడుకుని చెవి పెట్టి, పిడికిలితో పలకలు తట్టి దంతెలు ఎక్కడున్నాయో చూసుకున్నాడు.

"అమ్మా, మనిషి జారితే మొదట చెయ్యేసేది ఈ గుంజ మీదనే. ఆ బరువంతా దీని కాలి మీదికొస్తాది. పలక మీద పెట్టి మేకులు కొడితే పలకను మాత్రం పట్టుకుంటాది. అది చాలదు. కింద దంతెలకు అడ్డంగా ఒక మొద్దు బిగించి, దాన్ని దాటేట్టు కడ్డీ దింపి, అడుగున నట్టు తిప్పల్ల. నన్ను ఆ కొట్టులోకి పోనియ్యి."

"నాది గాదు ఆ కొట్టు."

"అయితే ఈడ రెండు పలకలు లేపుతా. పైనుంచే మొద్దు పెడతా."

"పలకల మీద ఉలి పెడితే చేతులిరుగుతాయి నీకు," అంది గంగులమ్మ. "ఆయన పాదాలు పడిన నేల ఇది."

ఖాజాసాబ్ కిందికి పోయి హనుమంతరాయుడిని అడిగాడు. హనుమంతరాయుడు తక్కెడ వదిలి లేచి కూడా నిలబడలేదు.

"సాయిబూ, పెద్దమనుషుల ముందర మాటయిపోయింది. నా కొట్టులోకి ఎవరూ రారు."

"పలకలు లేపితేనో?"

"లేపితే దుమ్మంతా నా సరుకులో పడుతుంది. అవి పైన ఆమెకు నేల, కింద నాకు కప్పు. నా కప్పు విప్పితే కోర్టుకెక్కుతా. ఆమెకు చెప్పు."

ఖాజాసాబ్ పైకొచ్చి పనిముట్ల సంచి విసిరికొట్టాడు. "మీ ఇద్దురి పంతం నడమ నా పని పాడయితాండాది. రేప్పొద్దున పేరు చెడేది నాది గదమ్మా!" అన్నాడు. అయినా ఆ పని సగంలో వదిలిపోవడానికి అతనికి మనసొప్పలేదు. గుంజ కాలికి నాలుగు దిక్కులా ఇనుప మూలపట్టీలు వేసి, పొడవాటి మేకులు ఏటవాలుగా దింపాడు. కాలితో గట్టిగా తన్ని చూశాడు. గుంజ కదల్లేదు. తన మాట తనే మర్చిపోయి, "ఏమీ గాదులే, బలంగానే ఉండాది," అని పెనుకొండ రైలెక్కాడు. అక్కడే అతను పొరబడ్డాడు.

మేకుల్లో కొన్ని దంతెకు తగలకుండా పక్కనుంచి దిగి, చింతపండు కొట్టు కప్పులోంచి కొనలు బయటపెట్టాయి. హనుమంతరాయుడు మరుసటి రోజు బస్తా దింపిస్తూ తలెత్తి చూశాడు. తెల్లగా మెరుస్తున్న ఆ మొనలను చూసేసరికి అతనికి ఒళ్లు మండిపోయింది.

"చూసినావా మీ అక్క పని! ఒక్క మేకు దిగకూడదంటే గుత్తులుగా దింపింది," అని శ్యామలమ్మను కేకేశాడు. "ఆ స్టూలు ఎత్తుకరా."

శ్యామలమ్మ స్టూలు తెచ్చి బస్తాల మీద వేసి రెండు చేతులతో పట్టుకుంది. అతను ఎక్కి సుత్తితో మేకుల కొనల మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకు పలకల సందుల్లోంచి మట్టి రాలింది. పైన గంగులమ్మకు తన కాళ్ల కింద నేల దడదడమన్నది. ఆమె ఊరుకుంటుందా? అదే చోట నిలబడి మడమతో నేలను తన్నింది. కిందనుంచి సుత్తి, పైనుంచి మడమ. మధ్యలో పలకలు. హనుమంతరాయుడి చెయ్యి నొప్పి పుట్టేదాకా, ఆమె మడమ కమిలేదాకా అది సాగింది. మొనలు వంగి, కొన్ని వెనక్కి పోయి, పైన మేకుల తలలు పట్టీల మీదనుంచి కొంచెం లేచాయి. ఎవరూ చూడలేదు.

వానలు మొదలయ్యేసరికి గుంజ చెయ్యి వేస్తే కదిలేది. గంగులమ్మ పెనుకొండకు కబురు పంపింది. ఖాజాసాబ్ బత్తలపల్లిలో ఎవరింటి పనిలోనో ఉన్నాడు, అది ముగించుకుని వస్తానన్నాడు. ఈలోగా ఒక పొద్దున ఆమె ఉతకాల్సిన బట్టల గంప చంకన పెట్టుకుని దిగబోతూ మొదటి మెట్టు మీద కాలు జారింది. గుంజను పట్టుకుంది. గుంజ ఆమెతో పాటే వచ్చేసింది.

పడుతున్న చప్పుడుకు వసారా అంచున గిన్నెలు తోముతున్న శ్యామలమ్మ లేచి పరిగెత్తింది. గంగులమ్మ మెట్ల అడుగున ఒళ్లంతా ముడుచుకుని పడి ఉంది. నుదురు చిట్లి రక్తం. ఎడమ మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. శ్యామలమ్మ తల కింద చెయ్యి పెట్టబోయింది.

"ముట్టుకోవద్దు నన్ను," అంది గంగులమ్మ పళ్లు బిగించి.

శ్యామలమ్మ ముట్టుకుంది. బూడిద చేతులతోనే ఆమెను లేపి గోడకు ఆనించి, పక్కింటివాళ్లను కేకలేసి పిలిచింది. వాళ్లు జట్కాబండిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. శ్యామలమ్మ వెంట పోలేదు. ఊడిపోయిన గుంజ మెట్ల మీద అడ్డంగా పడి ఉంది. దాన్ని పక్కకు లాగుతుంటే పట్టీలకు వేలాడుతున్న మేకులు చూసింది. కొనలు చప్పిడిగా అణిగిపోయి ఉన్నాయి.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మొగుడితో అంది. "మనం కొట్టిన దెబ్బలకే అది ఊడింది."

"సాయిబు చేతకానితనానికి ఊడింది."

"మేకులు చూసినా నేను. కొనలు నలిగుండాయి."

హనుమంతరాయుడు ముద్ద కలుపుతూనే ఆమె మొహంలోకి చూశాడు. "అయితే యాం చేద్దామంటావు? పోయి ఊళ్లో దండోరా వేస్తావా? వేసుకో. స్టూలు పట్టుకునింది నువ్వే గదా."

ఆ మాట మాత్రం ఆమెను వదల్లేదు. పళ్లెం కడుగుతున్నా, వాకిలి ఊడుస్తున్నా అదే చెవిలో తిరిగింది. మొగుడు అరిచి ఉంటే బాగుండేదనిపించింది. అంత నిదానంగా, తిండి మానకుండా అన్నాడు.

తర్వాతి వారం ధర్మవరంలో అతని అక్క ఇంట్లో కొత్త మగ్గాల పూజ పెట్టుకున్నారు. హనుమంతరాయుడు కొట్టుకు తాళం వేసి, తాళంచెవి భార్యకిచ్చి రైలెక్కిపోయాడు. ఆ పూటే ఖాజాసాబ్ హిందూపురంలో దిగాడు. ఊడిన గుంజను ఒళ్లో పెట్టుకుని మేకులు ఒక్కొక్కటే పెరికి చూశాడు. ఒకటి గంగులమ్మ మొహం ముందర పెట్టాడు.

"ఇది నేను కొట్టిన తల. ఇది ఎవురో కొట్టిన కొన. నా తప్పు నేను ఒప్పుకుంటా, మేకులతో నిలబెట్టాల్సిన పని గాదిది. కానీ ఈ కొన నాది గాదు."

గంగులమ్మకు ఆ రోజు కాళ్ల కింద విన్న చప్పుడు గుర్తొచ్చింది. చేతికి కట్టుతోనే గోడ పట్టుకుని మెట్లు దిగి, సందు చుట్టూ తిరిగి ముందు వాకిట్లోకి పోయి నిలబడింది. పాత మెట్లు పోయాక ఆ గడప ముందుకు ఆమె పట్టపగలు రావడం అదే మొదలు. ఖాజాసాబ్ వెనకాలే వచ్చాడు.

"శ్యామలా! బయటికి రా! నన్ను సంపాలనుకుంటే అన్నంలో మందు పెట్టకపోతిరా? ఇంత కష్టమెందుకు పడితిరి?"

శ్యామలమ్మ గడపలోకి వచ్చింది. అప్పటిదాకా ఆమె మనసు మెత్తగానే ఉంది. ఆ అరుపు వినగానే అదీ పోయింది.

"నువ్వేమన్నా తక్కువదానివా? నా బిడ్డ పోతే పైన కూర్చోని నేల తుడుచుకుంటాంటివి. శవాన్ని ఈ వాకిట్లోంచి తీసకపోతాంటే తొంగి గూడా చూడకపోతివి. అట్లా దానివి నువ్వు నన్నంటావా?"

"నేను రాలేదా?"

"యాడొచ్చినావు?"

"చీకట్లో ఆ నిచ్చెన దిగి వస్తి. నీ అరుపులు ఇనపడతాంటే తలుపు తడితి. ఈ తలుపే. చేతులు వాచేదాకా తడితి. నీ మొగుడు లోపల్నుంచి, ఎవరూ రావద్దు పో అనె. తెల్లారకముందే మళ్లా వస్తే గొళ్లెం తీయకపాయె."

"అబద్ధం."

"అబద్ధమయితే నా కండ్లు పోనీ."

శ్యామలమ్మ తలుపును చూసింది, తోడికోడలిని చూసింది. ఆ రోజు లోపల పడుకుని, అక్క వచ్చిందా అని తను అడగడం, ఎవరూ రాలేదని మొగుడు అనడం ఆమెకు బాగా జ్ఞాపకమే. నమ్మాలని లేదు. నమ్మకుండా ఉండడానికీ వీల్లేకపోయింది. వాకిట్లో తలవంచుకుని నిలబడిన ఖాజాసాబ్ మెల్లగా తిరిగిపోబోయాడు.

"సాయిబూ, యాడికి పోతాండావు?" అంది శ్యామలమ్మ. లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. "నీకేం కావాల్నో చెప్పు. కొట్టు తీస్తా."

గంగులమ్మ నోరు తెరిచింది.

"నువ్వేం మాట్లాడద్దు," అంది శ్యామలమ్మ. "నీ మీద ప్రేమ పుట్టుకొచ్చి చేస్తాండేది గాదు. నువ్వు మెట్ల మీద పడి చస్తే ఆ పాపం నా చేతులకుండేది నాకొద్దు."

కొట్టులో పులుపు వాసన ముక్కు పగలగొట్టేలా ఉంది. ఖాజాసాబ్ బస్తాల మీదికెక్కి, రెండు దంతెల నడుమ బలమైన టేకు మొద్దు ఇరికించి, రెండువైపులా మరచీలలతో బిగించాడు. తర్వాత పైకి పోయి పలకలోంచి మొద్దులోకి ఒక్కటే తూటు వేశాడు. గుంజ అడుగు తొలిచి అందులో మర ఉన్న ఇనుప కడ్డీ ఒకటి దిగ్గొట్టి, అది తిరగకుండా పక్కనుంచి అడ్డచీల వేశాడు. ఆ కడ్డీ పలకను, మొద్దును దాటి కొట్టులోకి దిగితే, అడుగున రేకు వేసి నట్టు తిప్పాలి. పైన గుంజ ఒరగకుండా ఒకరు పట్టుకుని ఉండాలి, కింద ఇంకొకరు నట్టు బిగించాలి.

"పైకొచ్చి గుంజ పట్టుకుంటావామ్మా, నేను కింద తిప్పుతా," అన్నాడు శ్యామలమ్మతో.

"ఆమె ఇంట్లోకి నేను అడుగు పెట్టను. కిందుండి నేనే తిప్పుతా. యాట్ల తిప్పాల్నో చెప్పు."

స్టూలు బస్తాల మీద ఎగుడుదిగుడుగా నిలిచింది. ఆమె ఎక్కగానే ఊగింది. గుమ్మంలో నిలబడిన గంగులమ్మ కాసేపు చూసింది. తర్వాత లోపలికొచ్చి, కట్టులేని చేత్తో స్టూలు కాలు పట్టుకుని, తుంటితో బస్తాను అదిమింది.

"నిన్నెవరు పట్టుకోమన్నారు?"

"నువ్వు నా మీద పడితే ఈ చెయ్యి గూడా పోతుందని పట్టుకున్నా. తిప్పు."

పైనుంచి కడ్డీ కొన దిగింది. దాంతోపాటు పొట్టు రాలి శ్యామలమ్మ కళ్లలో పడింది. ఆమె కళ్లు మూసుకునే నట్టు పెట్టి, వేళ్లతో తిప్పి, ఆపైన స్పానరు వేసింది. ఖాజాసాబ్ మట్టపుగుండు వేలాడదీసి చూస్తూ పైనుంచి కేకలేస్తున్నాడు. "ఆపు... మళ్లా తిప్పు... నిదానంగా, పలక అణిగిపోతాది... ఇంకొంచెం... చాలు!"

"చాలా?" అని అడిగింది శ్యామలమ్మ.

"ఒరిగినాను చూడు," అన్నాడతను. పైన తన ఒళ్లంతా గుంజ మీద వేశాడు. కిందకు కిర్రుమన్న చప్పుడు కూడా రాలేదు.

శ్యామలమ్మ దిగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గంగులమ్మ చింతపండు అంటిన పాదాలను గడపకు రుద్దుకుని వెళ్లిపోయింది.

హనుమంతరాయుడు ధర్మవరం నుంచి వచ్చిన పూటే కొట్టులోకి పోయాడు. కప్పు కింద కొత్త మొద్దు, దాని నడుమ నూనె పూసిన నట్టు.

"తలుపు ఎవురు తీసిరి?"

"నేనే. నట్టు బిగించింది గూడా నేనే."

అతను స్పానరు వెతికి, స్టూలు మీద కాలు పెట్టాడు. శ్యామలమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకటి చెప్పు. నా బిడ్డ పోయిన పొద్దు అక్క తలుపు తట్టిందా?"

"ఇప్పుడెందుకది?"

"తట్టిందా లేదా?"

అతను పైకి చూశాడు, నట్టును చూశాడు. "పంపకాలు ముగిసిన మనిషి లోపలికొచ్చి ఏడిస్తే, మళ్లా నడవలో దారి అడుగుతాదని..." అని ఆపేశాడు.

శ్యామలమ్మ అడ్డు తొలగలేదు. "ఆ నట్టు మీద నీ చెయ్యి పడితే, ఆ మెట్లెక్కి పైకి పోతా. మళ్లా దిగను. నీ చింతపండుతో నువ్వు కాపురం చెయ్యి."

అతను స్పానరు పారేసి బయటికి పోయాడు. అక్కడితో ఊరుకోలేదు. చంద్రప్ప దగ్గరికి పోయి మాట తప్పారని ఫిర్యాదు చేశాడు. పెద్దమనుషులు మూడోసారి కూర్చున్నారు. ఆడవాళ్లిద్దరినీ పిలిపించారు.

"గంగులమ్మా, నీ మనిషి ఆయన కొట్టులోకి పోయి మొద్దు పెట్టినాడంట. నిజమా?" అన్నాడు చంద్రప్ప.

గంగులమ్మ జవాబు చెప్పేలోపే శ్యామలమ్మ లేచింది. మగవాళ్ల సభలో ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు. "సాయిబును పిలిచింది నేను. నా ఇంటి కప్పు అదురుతాంటే నేను మొద్దు పెట్టించుకున్నా. నట్టు నా చేత్తో బిగించినా. మా ఇంట్లో మేకు కొట్టుకునేదానికి గూడా మీరందరూ కూర్చోవల్లనా?"

ఎవరో నవ్వారు. చంద్రప్ప మీసం దువ్వుకుంటూ హనుమంతరాయుడి వైపు తిరిగాడు. "నీ ఇంటి ఆడమనిషి తన ఇల్లు గట్టి చేసుకుంటే మేమేం తీర్పు చెప్పేదప్పా? పో, బ్యారం చూసుకో."

హనుమంతరాయుడు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ధర్మవరం రైలుకని స్టేషను దారి పట్టాడు. తోడికోడళ్లిద్దరూ ఒకే వీధిలో, చెరో అంచున నడిచి వస్తున్నారు. ఇల్లు కనబడేసరికి గంగులమ్మ అడుగు నిదానించింది.

"ఈ పొద్దు నీకు కూడు పెడతాడో లేదో నీ మొగుడు," అంది గంగులమ్మ, ముందుకు చూస్తూనే.

"వండేది నేను. ఆయనెవరు నాకు పెట్టేదానికి?"

గంగులమ్మ వెనక సందులోకి తిరిగింది. శ్యామలమ్మ ముందు వాకిట్లోంచి లోపలికి పోయి, పొయ్యి రాజేసుకుంది.